పెరటి కుంటలో కలువకు తొలకరి అదను

వేసవికి నెర్రెలిచ్చిన ఊరచెరువు, తొలకరి నీరు చేరిన కొన్ని వారాలకే కలువాకులతో నిండిపోతుంది. ఎవరూ నాటరు, ఎవరూ ఎరువు వేయరు. బురద అడుగున ఉండిపోయిన దుంపలు, గింజలు తడి తగలగానే మొలకెత్తుతాయి. కేరళలో కొట్టాయం దగ్గరి మలరిక్కల్ పొలాల్లోనూ ఇదే తీరు. వరి కోతలయ్యాక వాననీరు నిలిచిన మళ్లల్లో గులాబీ రంగు కలువలు కనుచూపుమేర పూస్తాయి, చూసేందుకు జనం పడవలెక్కి వస్తారు. మళ్లీ సాగుకని రైతులు నీళ్లు తోడేశాక కలువ బురదలోకి ఒదిగిపోయి మరుసటి ఏడు తిరిగి లేస్తుంది.

ఇంత మొండి మొక్క పెరటి తొట్టిలో ఎందుకు చచ్చిపోతుంది? చాలాచోట్ల కారణం మట్టే. కుండీ మొక్కలకు కలిపినట్టే కోకోపీట్, వర్మికంపోస్టు కలిపి అందులో దుంప పెడతారు. ఆ మిశ్రమం నీళ్లలో తేలిపోతుంది, మిగిలింది కుళ్లి నీటిని నల్లగా చేస్తుంది. కలువకు కావలసింది బరువైన బంకమట్టి. వేసవిలో చెరువుల నుంచి తోలుకున్న పూడికమట్టి తొలకరి నాటికి చాలామంది రైతుల గట్ల మీద కుప్పలుగా ఉంటుంది. ఇంతకు మించిన మట్టిని డబ్బు పెట్టి కొన్నా తేలేరు.

కుంట అడుగున నేరుగా నాటేకన్నా, వెడల్పాటి టబ్బులో నాటి టబ్బును నీళ్లలో దించడం మేలు. అడుగున చిల్లులుండకూడదు. జానెడు లోతు, మూరెడు వెడల్పు ఉంటే ఒక మొక్కకు సరిపోతుంది. బాగా చివికిన పశువుల ఎరువు వేయాలనుకుంటే అట్టడుగున రెండు గుప్పెళ్లు చాలు. ఆపైన అంతా పూడికమట్టే నింపి, మీద సన్న గులకరాళ్లు పరిస్తే చేపలు మట్టిని కెలకవు. దుంప మొలక మాత్రం మట్టిలో కూరుకుపోకుండా పైకి కనబడాలి. దుంప గుండ్రంగా ఉంటే టబ్బు నడుమ నాటాలి. అల్లం కొమ్ములా అడ్డంగా పెరిగే రకమైతే టబ్బు అంచున పెట్టి మొలకను నడుమకు తిప్పాలి, లేదంటే అది అంచును తన్ని ఆగిపోతుంది.

మొదట్లో టబ్బు కింద ఇటుకలు పేర్చి, మొలక మీద 10 నుంచి 15 సెంటీమీటర్ల నీరు మాత్రమే నిలిచేలా చూడాలి. ఆకులు నీటి మీద పరుచుకున్న కొద్దీ ఒక్కో ఇటుక తీసేస్తూ 30 నుంచి 45 సెంటీమీటర్ల లోతుకు దించాలి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేందుకు ఒకటి రెండు రోజులు నిలవ ఉంచాలి.

రోజుకు ఆరు గంటలైనా నేరుగా ఎండ పడాలి. వేపచెట్టు కింద తొట్టి కడితే ఆకులే వస్తాయి, పూలు రావు. ఫౌంటెన్ ముచ్చట ఉన్నవారు దాన్ని కలువకు దూరంగా పెట్టుకోవాలి. మిగతా మొక్కల్లో గాలి పీల్చే రంధ్రాలు ఎక్కువగా ఆకు అడుగున ఉంటే, నీటి మీద తేలే కలువాకుకు అవి పైభాగాన ఉంటాయి. ఎప్పుడూ చినుకులు పడుతుంటే ఆకు పసుపెక్కి కుళ్లుతుంది.

కొత్త కుంట నీరు మొదటి వారాల్లో పచ్చగా మారుతుంది. అందరూ కంగారుపడేది, తప్పుచేసేది ఇక్కడే. వెంటనే నీళ్లన్నీ తోడేసి కొత్త నీళ్లు పోస్తారు. కొత్త నీటితో కొత్త పోషకాలు వస్తాయి, వాటితో మళ్లీ నాచు, మళ్లీ తోడిపోత. అలా కాలమంతా గడిచిపోతుంది. నీటిలో కరిగిన పోషకాలు, ఎండ రెండూ ఉన్నంతకాలం నాచు పెరుగుతూనే ఉంటుంది. ఆకులు నీటి మీద సగానికి పైగా పరుచుకుంటే కిందికి వెలుతురు తగ్గి నీరు దానంతటదే తేరుకుంటుంది. ఆవిరైపోయినంత నీరు పోసుకుంటూ ఓపిక పట్టాలి. ఎరువు నీళ్లలో చల్లడం కూడా నాచును మేపడమే. నెలకొకసారి టీ చెంచాడు డి.ఏ.పి.ని బంకమట్టి ఉండలో పెట్టి, మొలకకు నాలుగు వేళ్ల దూరంలో మట్టిలోకి లోతుగా గుచ్చాలి. యూరియా జోలికి పోవద్దు, చేపలు చస్తాయి.

చేపలు తప్పనిసరి. వానాకాలంలో దోమ గుడ్డు ఎగిరే దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. నాలుగైదు గప్పీలు నీటిలోని దోమ పిల్లల్ని తినేస్తాయి. ఇవి బయటి దేశాల చేపలు కాబట్టి తొట్టి పొంగి కాలువలోకి కొట్టుకుపోకుండా అంచున జాలీ బిగించాలి. ఆకుల మీద పేనుబంక కనిపిస్తే మందు కొట్టకుండా నీటితో కడిగేస్తే సరి, కింద చేపలు చూసుకుంటాయి. గుర్రపుడెక్క ఎంత అందంగా పూసినా కుంటలోకి రానివ్వొద్దు.

రకం ఎంచుకునేటప్పుడు ఇంట్లోవాళ్లు ఏ వేళ ఉంటారో చూసుకోవడం తెలివైన పని. నీలి కలువ పగలు విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటుంది. పొద్దున పొలానికో, ఆఫీసుకో పోయి చీకటి పడ్డాక ఇల్లు చేరేవారికి మన చెరువుల ఎర్ర కలువే తగినది. అది రాత్రి విరిసి మర్నాడు పొద్దెక్కేదాకా నిలుస్తుంది. ఫ్రాన్స్‌లో 1875లో నర్సరీ పెట్టిన లాటూర్-మార్లియాక్ మంచుదేశాల కోసం రంగురంగుల కలువలు సృష్టించాడు, చిత్రకారుడు మోనే తన కొలనుకు కొన్నది ఆ నర్సరీ నుంచే. ఆ రకాలు మన దగ్గర బతుకుతాయి గానీ, మన ఎండకు విరగబూసేవి ఉష్ణమండల రకాలే. కడియం వైపు నర్సరీల్లో కొనేవారు ఆకును చూసి తీసుకోవాలి. కాడ దగ్గరిదాకా చీలిక ఉంటే కలువ, చీలిక లేకుండా గుండ్రంగా ఉంటే తామర.

జూన్‌లో నాటిన ఆరోగ్యమైన దుంప వినాయక చవితి నాటికి పూతకు వస్తుంది. ఒక్కో పువ్వు మూడు నాలుగు రోజులు విచ్చుకుంటూ ముడుచుకుంటూ ఉంటుంది. పూజకు కోసేవారు మొదటి రోజు విరిసిన పువ్వును అడుగుదాకా కాడతో తీయాలి. వాడిన పూలు, పసుపెక్కిన ఆకులు నీళ్లలో కుళ్లకముందే తీసేయాలి.

డిసెంబరు చలికి ఆకులు చిన్నవై పూత ఆగిపోతే మొక్క చచ్చిందని పారేయకూడదు. ఎరువు ఆపి, మట్టి తడి ఆరకుండా చూస్తే చాలు. ఫిబ్రవరి చివర ఎండ ముదిరాక టబ్బులో సగం మట్టి మార్చి, పక్కన పుట్టిన పిల్ల దుంపల్ని విడదీసి వేరే టబ్బుల్లో పెట్టుకోవచ్చు.