చూడడం కోసం చెర



జంతువుల నుంచి వచ్చేదేదీ వాడని వీగన్లకు జూ మీద ఉండే అభ్యంతరం, వాళ్ల మిగతా అభ్యంతరాలకన్నా ఇతరులకు చెప్పడం కష్టం. మాంసం కోసం ప్రాణం పోతుంది, పాల కోసం దూడ తల్లికి దూరమవుతుంది, పట్టు కోసం పురుగులు గూళ్లతో సహా ఉడుకుతాయి. ఇవి ఒకసారి చెబితే అర్థమయ్యే నష్టాలు. జూలో జంతువును ఎవరూ కోయరు, పితకరు. వేళకు తిండి పెడతారు, జబ్బు చేస్తే డాక్టర్ చూస్తాడు. దాని నుంచి మనిషి తీసుకునేది ఒక్క దర్శనమే. ఆ దర్శనం కోసం ఒక ప్రాణిని జన్మంతా కట్టడిలో ఉంచవచ్చా అన్నది ప్రశ్న. 1944లో డొనాల్డ్ వాట్సన్, ఆయన తోటివారు ఇంగ్లండులో వీగన్ సొసైటీ పెట్టినప్పుడు చర్చ ఎక్కువగా పాలు, గుడ్ల చుట్టూ నడిచింది. తర్వాత కొన్నేళ్లకే అది జంతువును మనిషి అవసరానికి వాడుకోవడం అనే అసలు విషయానికి చేరింది. వినోదం కూడా అందులోకే వస్తుంది.

ఈ సంగతి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు వారికి చెప్పాలంటే హైదరాబాద్ జూ దాకా పోనక్కరలేదు, పాలపిట్ట చాలు. దసరా సాయంత్రం ఊరి పొలిమేరకు పోయి, జమ్మి చెట్టుకు మొక్కి, ఆకును బంగారంగా పంచుకుని, పాలపిట్టను చూసి ఇంటికి రావడం ఇక్కడి ఆచారం. 2014లో తెలంగాణ ప్రభుత్వం ఆ పిట్టను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. కూర్చున్నప్పుడు అది మట్టిరంగులో మామూలు పిట్టలాగే ఉంటుంది, ఎగిరితేనే రెక్కల్లోని నీలం కనిపిస్తుంది. కరెంటు తీగ మీద కూర్చుని కింద కదిలే మిడతను, పురుగును కనిపెట్టి ఒక్కసారిగా దిగడం దాని బతుకు. పట్టణాలు పెరిగి, పొలిమేర దూరమై, పిట్ట కనిపించడం అరుదైన కొద్దీ పట్టి తెచ్చి చూపించేవారు బయల్దేరారు. పండుగకు ముందే ఉచ్చులు పెట్టి పడతారు. ఎగరకుండా ఈకలు కత్తిరిస్తారు, లేదా జిగురు పూస్తారు, కాళ్లకు దారం కడతారు. పురుగులు పట్టి తినే పిట్ట ముందు గింజలు పోస్తే అది ముట్టదు. గల్లీ గల్లీ తిరిగి పది, ఇరవై రూపాయలకు దర్శనం చేయించాక, అంటుకుపోయిన రెక్కలతో అది మళ్లీ వేటాడి బతకలేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం దాన్ని పట్టడం, పంజరంలో పెట్టడం నేరం. డబ్బులిచ్చి దండం పెట్టేవాళ్లలో చెడ్డవారెవరూ ఉండరు. ఎగిరితేనే అందమైన ప్రాణిని ఎగరలేకుండా చేసి చూడడం దర్శనం ఎట్లా అవుతుందని వాళ్లను అడిగినవారు లేకపోవడమే లోపం.

జూకూ ఆ పంజరానికీ ఉన్న తేడాను దాచకుండా ఒప్పుకోవాలి. హైదరాబాద్‌లో మీరాలం చెరువు పక్కన 380 ఎకరాల్లో నెహ్రూ జూపార్కు 1963 అక్టోబర్ 6న తెరుచుకుంది. ఇనుప బోన్ల బదులు కందకాలతో, చెట్ల మధ్య ఆవరణలు కట్టారు. వన్యప్రాణి చట్టానికి 1991లో వచ్చిన సవరణతో, 1992లో వచ్చిన కేంద్ర జూ ప్రాధికార సంస్థతో దేశంలోని జూలన్నిటికీ గుర్తింపు, ప్రమాణాలు తప్పనిసరి అయ్యాయి. జూలలో తల్లి వదిలేసిన పిల్లలకు రాత్రంతా పాలుపట్టి కాపాడే సిబ్బంది ఉంటారు. వాళ్లను క్రూరులని తిట్టే వీగన్ తన వాదాన్ని తానే పాడుచేసుకుంటాడు.

మంచి జూలో కూడా తీరని లోటు ఒకటుంది. ఆవరణలో పులి కంచె వెంట ఒకే దారిన అటూ ఇటూ నడుస్తుంటుంది. అది తిరిగే చోట గడ్డి చచ్చి, నేల గట్టిపడి, సన్నని బాట పడుతుంది. ఏనుగు నిలుచున్నచోటే గంటల తరబడి ఊగుతుంది. ఇది ఆకలి కాదు, జబ్బు అనుకోవడానికీ లేదు. చేయవలసిన పని లేకుండా పోయిన శరీరం చేసే పని. 2003లో 'నేచర్' పత్రికలో రాస్ క్లబ్, జార్జియా మేసన్ ఒక పరిశోధన ప్రచురించారు. అడవిలో ఎక్కువ దూరం తిరిగే మాంసాహార జంతువులే బందిఖానాలో ఈ తిరుగుడు ఎక్కువగా తిరుగుతాయని, వాటి పిల్లలే ఎక్కువగా చనిపోతాయని అందులో తేలింది. 2008లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఏనుగుల లెక్క ఇంకా కఠినమైనది. ఐరోపా జూలలో పుట్టిన ఆసియా ఆడ ఏనుగుల్లో సగం 19 ఏళ్లు నిండకముందే చనిపోయే లెక్క తేలగా, బర్మా కలప కూపుల్లో మోతపని చేసే ఏనుగులకు అదే లెక్క 41 ఏళ్లు దాటింది. మరుసటి ఏడాదే మన కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఏనుగులను జూల నుంచి అటవీ శిబిరాలకు తరలించాలని ఆదేశించింది. కంచె లోపల కనీసం భద్రత ఉంటుందన్న మాటకూ హామీ లేదు. 2000 అక్టోబర్‌లో దొంగలు నెహ్రూ జూలోకి చొరబడి సఖి అనే ఆడపులిని చంపి చర్మం ఒలిచారు. 2021 మే నెలలో అక్కడి ఎనిమిది సింహాలకు కరోనా సోకింది.

జూల పక్షాన ఉన్న బలమైన వాదం జాతుల సంరక్షణ. దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. అరేబియా ఓరిక్స్ 1972 నాటికి అడవిలో అంతరించింది. జూలలో మిగిలిన వాటి సంతతినే 1982లో ఒమాన్ ఎడారిలో వదిలారు. మన దగ్గర నెహ్రూ జూ, సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కలిసి మూషిక జింకలను పెంచి, 2017లో అమ్రాబాద్ అడవిలో విడిచారు. కుందేలంత జింక మళ్లీ నల్లమల నేల మీద నడవడం ఏ వీగన్‌కైనా సంతోషమే. అయితే ఇట్లాంటి పెంపకం సాధారణంగా సందర్శకుల కంటికి దూరంగానే సాగుతుంది, దానికి టికెట్ గేటు అవసరం లేదు. పైగా అడవికి తిరిగి వెళ్లే జంతువులు చాలా కొద్ది. జూలో జనం గుమిగూడే సింహం, చింపాంజీ, జిరాఫీ అక్కడే పుట్టి అక్కడే పోతాయి.

మరి ఉన్నవాటిని ఏం చేయాలి? గేట్లు తెరిచి వదిలేస్తే అవి బతకవు, అట్లా అడగడం దయ కాదు. దీనికి సమాధానం మన రాష్ట్రాల్లోనే దొరికింది. సర్కస్‌లలో పులులు, సింహాలు, ఎలుగుబంట్లు, కోతుల ప్రదర్శనపై ఉన్న నిషేధాన్ని సుప్రీంకోర్టు 2001 మే 1న సమర్థించాక, అక్కడి మృగాలకు విశాఖపట్నం, తిరుపతి జూల దగ్గర రక్షణ కేంద్రాలు నడిపారు. వాటిని జనానికి చూపలేదు. వాటి సంతతిని పెంచలేదు. ఆయుష్షు తీరేదాకా తిండి, వైద్యం, నీడ ఇచ్చారు. జూలన్నీ మెల్లగా ఆ దారికి మళ్లాలన్నదే వీగన్ కోరిక. అది అందని కోరికేమీ కాదు. 2024లో కోస్టారికా తన రెండు ప్రభుత్వ జూలను మూసి, జంతువులను రక్షణ కేంద్రానికి పంపింది.

ఇంట్లో పిల్లలు జూకు పోతామన్నప్పుడు పెద్ద గొడవ పెట్టుకుని సాధించేది లేదు. తాను పోనని, ఎందుకు పోనో నాలుగు మాటల్లో చెప్పి, బదులుగా ఒక తెల్లవారుజామున చెరువు గట్టుకు తీసుకుపోయినవారి మాటే నిలుస్తుంది. దసరా పంజరం కనిపిస్తే డబ్బులు ఇవ్వకుండా అటవీ రేంజ్ కార్యాలయానికి కబురు పెట్టడం తక్షణం చేయగల పని. దానికన్నా పెద్ద పని గుట్టల దగ్గర ఉంది. ఉమ్మడి కరీంనగర్ గుట్టల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి. రాళ్ల సందుల్లో ఉంటూ చెదలు, తునికి, మొర్రి, రేగు పళ్లు తిని బతుకుతాయి. గ్రానైట్ కోసం గుట్టలు పోతుంటే అవి ఊళ్లమీదికి వస్తున్నాయి, మనిషీ గాయపడుతున్నాడు, ఎలుగూ వలలో పడుతోంది. జూను వద్దన్నవారు ఆ గుట్టను కావాలనకపోతే వాదం సగమే. పెద్ద క్వారీకి పర్యావరణ అనుమతి ఇచ్చేముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలని 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ చెబుతుంది. కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన వేయాలి, అభ్యంతరాలు రాతపూర్వకంగానూ ఇవ్వవచ్చు. ఆ ప్రకటన కోసం పేపర్ చూస్తుండడం, ఎలుగు తిరిగే జాడలు, గుహలు ఎక్కడున్నాయో మేకల కాపరులను అడిగి రాసిపెట్టుకోవడం, విచారణ రోజున ఆ కాగితంతో పోయి మాట్లాడడం కోరుట్లలో ఉన్నవారు ఎవరైనా చేయగలరు.

ఇట్లు,
తాత, కోరుట్ల