పుస్తకాలు లేని తరగతి

ఆంగ్ల కవి, విమర్శకుడు విలియం ఎంప్సన్ పెకింగ్‌లో బోధించే నిమిత్తం 1937లో చైనా చేరేసరికి జపానుతో యుద్ధం ఆరంభమైంది. పెకింగ్, ఛింగ్‌హువా, నాన్‌కాయ్ విశ్వవిద్యాలయాలు మూడూ ఏకమై దక్షిణానికి తరలిపోయాయి. సాహిత్య శాఖకు హూనాన్ రాష్ట్రంలోని నాన్‌యుయె కొండ ఆశ్రయమైంది. గ్రంథాలయాలు వెనుకనే ఉండిపోయాయి. ఎంప్సన్ తమకు జ్ఞాపకమున్న ఆంగ్ల కవితలను టైపు చేసి విద్యార్థులకు ఇచ్చేవారు. వారికి చైనా భాష రాదు. పైగా బిడియస్తులు, మాట మహావేగం. అందువల్ల నల్లబల్ల వైపు తిరిగి వ్రాసుకుంటూ పోయేవారు. ఆ వ్రాతయే శిష్యులకు ఆధారం.

హాఫిజుల నడుమ పెరిగిన మన విద్యార్థులకు కంఠస్థం విలువ వేరుగా చెప్పనక్కరలేదు. అయితే పరీక్షల ముందు గైడు జవాబులు వల్లించేవారిని మేము ఏటేటా చూస్తూనే ఉన్నాము. ప్రశ్న కాస్త మారిందా, కలం ఆగిపోతుంది. పద్యమే నోట ఉన్నవాడు దానిలోని ఒక్కొక్క పదాన్నీ నిలిపి ప్రశ్నించగలడు. ఎంప్సన్ బోధన విన్న ము దాన్ చైనా ఆధునిక కవులలో ముఖ్యుడయ్యాడు. వాంగ్ జువోలియాంగ్ ఆంగ్ల సాహిత్యాచార్యుడయ్యాడు.

1938లో విశ్వవిద్యాలయం యున్నాన్‌కు తరలగా ఎంప్సన్ వెంట వెళ్ళి, 1939 వరకు బోధించారు. యుద్ధానంతరం 1947లో మరల పెకింగ్ చేరి 1952 దాకా అక్కడే ఉన్నారు.