పెట్టకు కొన్నాళ్ల గడువు

ఆగమన కాలంలో మన తీరప్రాంత విచారణల్లో ఏటా వినే మాట ఒకటుంది: “ఫాదర్, పెట్ట గుడ్డు మానేసింది, పండక్కి కోసేస్తున్నాం.” గుడ్లమ్మి పిల్లలకు పుస్తకాలు కొనే ఇంట్లో పెట్ట చిన్న ఆస్తి కాదు. తీర్పు చెప్పేముందు కారణం వెదకడం న్యాయం.

గుడ్డుకు మేత ఒక్కటే చాలదు, వెలుగు కూడా కావాలి. వెలుగు కంటి ద్వారానే గాక పుర్రె గుండా కూడా కోడి మెదడును చేరుతుంది. పగలు పొడుగైనప్పుడు మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి హార్మోనులను విడుదల చేస్తుంది. వాటివల్ల అండాశయంలో సొనలు ఎదుగుతాయి. పగలు తగ్గితే ఆ పని మందగిస్తుంది. బాగా గుడ్లు పెట్టాలంటే రోజుకు 14 నుండి 16 గంటల వెలుగు కావాలి. నెల్లూరులో జూన్ నెల పగలు సుమారు 13 గంటలు, డిసెంబరులో 11 గంటల పావు.

అయితే నేరమంతా చీకటిదే కాదు. మనకు అవి ఈశాన్య ఋతుపవనాల వానలు, తుఫానుల రోజులు. గూడు తడుస్తుంది, బయట ఏరుకునే మేత తగ్గుతుంది. ఈకలు రాల్చే పెట్ట, పొదుగుకు కూర్చున్న పెట్ట గుడ్డు పెట్టవు. నాటుపెట్ట ఏడాదికి పెట్టేదే 50, 60 గుడ్లు. పెట్ట ముడుచుకొని, పచ్చగా విరేచనమవుతుంటే కొక్కెర తెగులేమో, పశువైద్యునికి చూపాలి.

ఆరోగ్యంగా ఉన్న పెట్టకైతే గూటిలో 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పెట్టండి. తెల్లవారుజామున వెలిగించి, వారం వారం కొంచెం ముందుకు జరుపుతూ 4 గంటలకు తెచ్చి, రోజూ అదే వేళ పాటించండి. ఇంకా గుడ్డుకు రాని చిన్న పెట్టలకు, ఈకలు రాల్చేవాటికి ఇది వద్దు. వాటిది విశ్రాంతి కాలం. నూకలు, తవుడుతో పాటు ఉప్పు లేని ఎండుచేపల పొడి, పెంకు గట్టిపడడానికి ఆల్చిప్పల పొడి వేయండి. ఉప్పుచేప మాత్రం వేయకండి, ఉప్పు ఎక్కువైతే కోళ్లు చస్తాయి.

కాయని అంజూరపు చెట్టును నరకమన్న యజమానిని తోటమాలి మరొక ఏడాది గడువు అడిగాడు (లూకా 13). ఊరికే అడగలేదు, పాదు తవ్వి ఎరువు వేస్తానన్నాడు. డిసెంబరు 22 దాటితే పగలు మళ్లీ పెరుగుతుంది. క్రీస్తు జయంతి నాటికే ఆ మలుపు వచ్చి ఉంటుంది. మీ పెట్టకు కూడా కొన్ని వారాల గడువివ్వండి. ఆ తోటమాలి సేవ కూడా చేయండి.