వేన్స్‌గేటు కాపరి జాన్ ఫాసెట్

పాఠ్యభాగములు: అపొ. కార్యములు 20:17-38, 1 థెస్సలొనీకయులకు 2:7-9.

ఎఫెసు పెద్దలు ఏడ్చినను పౌలు ఓడ యెక్కి వెళ్లెను. అది ఆయనకు దేవుడు చూపిన మార్గము. అట్టి కన్నీటి యెదుట వెళ్లక నిలిచిపోయిన ఒక కాపరిని గూర్చి ఈ నెల పాఠములో నేర్చుకొందము.

జాన్ ఫాసెట్‌గారు 1740 జనవరి 6వ తేదీన ఇంగ్లాండు దేశమందలి యార్క్‌షైరులో, బ్రాడ్‌ఫోర్డు పట్టణము దగ్గర జన్మించిరి. చిన్నతనముననే తండ్రి చనిపోగా, పదమూడవ యేట పని నేర్చుకొనుటకు ఒక యజమాని యింట చేర్చబడిరి. పగలెల్ల పనియే. చేతికి వచ్చిన కొద్ది కాసులతో కొవ్వొత్తులు కొని, ఇంటివారు నిద్రపోవువరకు వెలుగుచున్న వత్తిని మట్టిపాత్ర క్రింద దాచి, పిమ్మట తీసి చదువుకొనెడివారట. దీపమును కుంచము క్రింద పెట్టరాదని మనము నేర్చుకొన్నాము గాని, ఈ బాలునికి ఆ పాత్రయే వెలుగును కాపాడి యిచ్చెను. పదునారేండ్ల ప్రాయమున జార్జి విట్‌ఫీల్డుగారి ప్రసంగము విని మారుమనస్సు పొందిరి. 1758లో బ్రాడ్‌ఫోర్డు బాప్తిస్టు సంఘములో చేరిరి. 1765లో వేన్స్‌గేటు సంఘమునకు కాపరిగా అభిషేకింపబడిరి.

వేన్స్‌గేటు పట్టణము కాదు. హెబ్డెన్ బ్రిడ్జి అను ఊరికి పైగా, కొండమీద నున్న చిన్న పల్లె. సంఘస్థులు బీదలు, ఇండ్లు దూరదూరముగా నుండెను. కాపరికి ఏటికి ఇచ్చునది 25 పౌన్లు మాత్రమేనని చెప్పుదురు. పిడికెడు బియ్యము తీసిపెట్టి బోధకుని పోషించిన మన పల్లె సంఘములకు ఆ లెక్క వివరింప నక్కరలేదు.

లండనులోని కార్టర్ లేన్ సంఘమునకు ఏబది సంవత్సరములకు పైగా కాపరియైన డాక్టరు జాన్ గిల్‌గారు 1771లో మరణించిరి. మరుసటి యేడు ఆ స్థానమునకు ఫాసెట్‌గారికి పిలుపు వచ్చెను. వారు సమ్మతించి, వీడ్కోలు ప్రసంగము చేసి, సామానులు బండ్లకెక్కించిరట. బండ్లచుట్టు చేరిన స్త్రీలు, పురుషులు, పిల్లలు విలపించుట చూచి వారి భార్య, వీరిని విడిచి పోజాలనని చెప్పెననియు, వారును అదే మాట పలికి సామానులు దింపించిరనియు కథ. విశ్వాసుల హృదయములను కట్టు ప్రేమబంధమును గూర్చి వారు వ్రాసిన ప్రసిద్ధ కీర్తన ఆ సందర్భమున పుట్టెననియు చెప్పుదురు. దానికి రూఢియైన ఆధారము లేదు. ఆ కీర్తన 1782లో, వారి 166 కీర్తనల సంపుటిలో అచ్చయినది. వారు వెళ్లకుండుట మాత్రము నిజము.

ఆ సంపుటిలోని కీర్తనలలో అనేకములు ప్రసంగము ముగిసిన పిమ్మట పాడుటకు వ్రాసినవి. వాక్యభాగమును ధ్యానించి, అందలి ముఖ్యమైన తలంపులను నాలుగైదు సులభమైన చరణములలో కూర్చి, తన సంఘముచేత పాడించెడివారు. కవియని పేరు పొందవలెనని వ్రాసినవి కావు. విన్న ప్రసంగము ఇంటికి చేరులోపల మరచిపోవు వారికి, పాట నోట నిలుచును గదా!

బండ్ల కథ చెప్పువారు సామానులు దింపుటతో ఆపివేయుదురు. నా మట్టుకు, అసలైన త్యాగము ఆ తరువాతి దినములదే. ఏడ్చిన సంఘము ఏడ్చినందువలన ధనికము కాలేదు. కాపరి నిలిచిన యెడల ఆయన పొయ్యి ఎట్లు వెలుగునో ఎవరైనను చూడవలెను. ఈ మాట కాపరులకంటె సంఘపెద్దలు ఎక్కువగా ఆలోచింపవలెను. ఫాసెట్‌గారు 1776లో బ్రియర్లీ హాలులో ఒక పాఠశాల పెట్టి పిల్లలకు చదువు చెప్పుచు పరిచర్య సాగించిరి. 1777లో క్రింద హెబ్డెన్ బ్రిడ్జిలో క్రొత్త ఆరాధనమందిరము కట్టబడెను. 1793లో బ్రిస్టలులోని బాప్తిస్టు విద్యాలయమునకు అధ్యక్షునిగా రమ్మని పిలిచినప్పుడును వెళ్లలేదు.

ఆ పాఠశాల తరువాత యూవుడ్ హాలునకు మారెను. అక్కడికి 1797లో ఒక యువకుడు వేదాంతవిద్యకై వచ్చెను. అతడు అంతకుముందు అచ్చుపని నేర్చి, పత్రికలు నడిపినవాడు. పేరు విలియం వార్డు. ఫాసెట్‌గారి యొద్ద చదివి, 1799లో ఓడ యెక్కి బెంగాలులోని శ్రీరామపురము చేరెను. విలియం కేరీ, మార్ష్‌మన్ గారలతో కూడి, అక్కడి ముద్రాక్షరశాలను తాను నడిపెను. మన దేశపు భాషలనేకములలో లేఖనములు ఆ ముద్రాక్షరశాలనుండి వెలువడెను. తెలుగు క్రొత్త నిబంధన 1818లో అక్కడ అచ్చయినది.

అంతకు ముందటి యేడు, 1817 జులై 25వ తేదీన, లండను వెళ్లని ఆ కాపరి తన కొండప్రాంతముననే ప్రభువునందు నిద్రించిరి.