అరగంటలో వెల్లుల్లి స్పగెట్టి

ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చి, కూరలు తరిగే ఓపిక లేని రాత్రికి ఇటలీలోని నేపుల్స్ వంట ఒకటి నేర్చుకుందాం. పేరు ‘ఆల్యో ఎ ఒలియో’, అంటే వెల్లుల్లి, నూనె. మాంసం ఉండదు, సాస్ సీసా అక్కర్లేదు. పాస్తా ఎన్నడూ వండనివాళ్లు దీనితోనే మొదలుపెట్టాలంటాను. పాస్తాను సరిగ్గా ఉడికించడం ఇందులో వచ్చేస్తే మిగతావన్నీ సులువు.

కావలసినవి (నలుగురికి)

స్పగెట్టి 300 గ్రాములు, ఆలివ్ నూనె 5 టేబుల్ స్పూన్లు, వెల్లుల్లి 10 రెబ్బలు, ఎండుమిర్చి 3, ఉప్పు, మిరియాల పొడి, కాస్త పార్స్లీ. పార్స్లీ దొరక్కపోతే కొత్తిమీర వేద్దాం. వాసన మారుతుంది కానీ బాగుంటుంది.

ప్యాకెట్ మీద డ్యూరం గోధుమ రవ్వ అని ఉందో లేదో చూడండి. ఇటలీలో ఎండు పాస్తాను దానితోనే చేయాలని 1967లో చట్టమే తెచ్చారు. మైదా పాస్తా తొందరగా మెత్తబడి అతుక్కుపోతుంది.

చేసే పద్ధతి

1. ముందు ఎసరు. పెద్ద గిన్నెలో 3 లీటర్ల నీళ్లు పోసి మూత పెడదాం. ఎక్కువ సమయం పట్టేది దీనికే, కాబట్టి ఇంటికి రాగానే పొయ్యి మీద పెట్టేయండి.

2. ఈలోపు వెల్లుల్లిని పల్చటి బిళ్లలుగా కోద్దాం. అన్నీ ఒకే మందంలో ఉండాలి. దంచొద్దు, ముద్ద త్వరగా మాడుతుంది.

3. నీళ్లు బాగా తెర్లాక ఒకటిన్నర టేబుల్ స్పూన్ల ఉప్పు, తర్వాత స్పగెట్టి వేద్దాం. విరవక్కర్లేదు, కిందిభాగం మెత్తబడగానే అదే వంగి మునుగుతుంది. మొదటి రెండు నిమిషాలు కలుపుతూనే ఉండాలి, పోగులు అతుక్కునేది అప్పుడే. ఇక మూత పెట్టొద్దు, పొంగిపోతుంది.

4. వెడల్పాటి మూకుడులో చల్లటి నూనె, వెల్లుల్లి కలిపి వేసి సన్నసెగ మీద పెడదాం. మనది తాలింపు పెట్టే చేయి, నూనె కాగాలని చూస్తుంది. ఇక్కడ కాగనివ్వకూడదు. నూనె మెల్లగా వేడెక్కితేనే వెల్లుల్లి వాసనంతా అందులోకి దిగుతుంది. బిళ్లల అంచులు లేత బంగారు రంగుకు రాగానే మిర్చి తుంచి వేసి స్టవ్ కట్టేద్దాం. పిల్లలు తింటారనుకుంటే మిర్చి తుంచకుండా వేయండి.

5. ప్యాకెట్ మీద రాసిన సమయానికి రెండు నిమిషాల ముందే ఒక పోగు కొరికి చూద్దాం. మధ్యలో సన్నటి తెల్ల చుక్క కనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు. రెండు కప్పుల ఉడికిన నీళ్లు తీసి పక్కన పెట్టాకే వార్చాలి.

6. స్పగెట్టిని మూకుడులోకి మార్చి, ఒక కప్పు ఆ నీళ్లు పోసి, పెద్దసెగ మీద రెండు నిమిషాలు ఆపకుండా తిప్పుదాం. అన్నం గంజిలా ఆ నీళ్లలోనూ పిండి ఉంటుంది. నూనెను నీటితో కలిపి పోగులకు పట్టించేది అదే. అడుగున నూనె విడిగా తేలుతుంటే ఇంకొంచెం పోయండి.

7. రుచి చూశాకే ఉప్పు. పైన మిరియాల పొడి, పార్స్లీ.

తరచూ జరిగే పొరపాట్లు

వెల్లుల్లి గోధుమరంగు దాటితే వంటంతా చేదెక్కుతుంది. దాన్ని సరిదిద్దలేం, ఆ నూనె పారబోసి మళ్లీ మొదలుపెట్టడమే మేలు.

ఉడికే నీళ్లలో నూనె వేయడం, వార్చాక కుళాయి కింద కడగడం చాలామంది చేస్తారు. రెండూ వద్దు. కడిగితే పైనున్న పిండి పోయి నూనె జారిపోతుంది.

ఈ వంటకు చీజ్ అవసరం లేదు. వేసుకునే శాకాహారులు ఒకటి గమనించాలి: అసలైన పార్మిజానో చీజ్‌లో పాలు విరగడానికి దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. ప్యాకెట్ మీద పచ్చ చుక్క చూసి కొనండి.

కడుపు నిండుగా కావాలంటే ఉడికించిన కాబూలీ శనగలు రెండు గుప్పెళ్లు ఆరో మెట్టులో కలపండి. ఇటలీలో పాస్తా, శనగలు కలిపి వండటం మామూలే.

చల్లారితే పోగులు ముద్దకడతాయి. అందుకే స్పగెట్టి వార్చకముందే అందరినీ కంచాల ముందు కూర్చోబెట్టండి.