అర్జీ క్లోజ్ చేసే ముందు

మండల ఆఫీసులోనో, గ్రామ సచివాలయంలోనో, ఎన్జీవో ఫీల్డ్ టీమ్‌లోనో పనిచేస్తుంటే జనం ఫిర్యాదులు వినే పని ఎప్పుడో ఒకప్పుడు మీ మీద పడుతుంది. పైవాళ్లు అడిగేది ఎన్ని వచ్చాయి, ఎన్ని క్లోజ్ అయ్యాయి అనే. గడువు దాటితే మెమో. ఆ ఒత్తిడి ఎక్కడికీ పోదు.

తప్పులు ఎక్కువగా జరిగేది గడువు చివరి రోజునే. ఒక వృద్ధురాలి పింఛను అర్జీ తీసుకోండి. ఆధార్‌లో వయసు తక్కువ పడింది. ‘అర్హత లేదు’ అని ఎండార్స్‌మెంట్ ఇస్తే స్క్రీన్ మీద అర్జీ క్లోజ్ అవుతుంది. వచ్చే సోమవారం ఆమె కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఉంటుంది. అర్జీ రీఓపెన్ అయి మళ్లీ మీ టేబుల్ మీదికే వస్తుంది, ఈసారి సంజాయిషీ కూడా రాయాలి. అలా కాకుండా ఏ పత్రంతో, ఎక్కడ పుట్టిన తేదీ సరిచేయించుకోవాలో, ఆ తర్వాత మళ్లీ ఎవరికి దరఖాస్తు ఇవ్వాలో రాసి, ఆమెకు చదివి వినిపించండి. మీ చేతిలో లేని పనైతే ఎవరి చేతిలో ఉందో రాయండి. కాని పనిని అవుతుందని మాత్రం చెప్పకండి.

అర్జీ రాకముందే సర్వేలో జనాన్ని అడగడం ఎలాగో ఉపాధి హామీ సోషల్ ఆడిట్లు చూసి నేర్చుకోవచ్చు. 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ ఆడిట్ బాధ్యతను గ్రామసభకు ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 2006లో ప్రయోగాత్మకంగా మొదలైంది, 2009లో దానికోసం ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. కూలీల ఇళ్లలో చదువుకున్న యువతకు శిక్షణ ఇచ్చి, సొంత ఊరికి కాక వేరే ఊళ్లకు పంపారు. వాళ్లు ఇంటింటికీ తిరిగి మస్టర్ రోల్‌లో ఉన్నది చదివి వినిపించారు. ‘పథకం ఎలా ఉంది?’ అంటే అందరూ బాగుందనే అంటారు. ‘చెరువు పనిలో మీ పేరున ఇన్ని రోజులు రాశారు, మీరు వెళ్లారా?’ అంటే అసలు సంగతి తెలుస్తుంది. మీ సర్వే ఫారంలో ప్రశ్నలూ ఇలాగే ఉండాలి.

ఫీల్డ్ అసిస్టెంట్ పక్కన నిలబడి ఉండగా ఎవరినీ అడగకండి. రేపు పని ఇవ్వాల్సింది అతనే. ఇంట్లో చెప్పిన మాటను గ్రామసభలో కాదనేవాళ్లూ ఉంటారు, వాళ్ల భయం నిజమైనదే. వాంగ్మూలం రాసి, చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకోండి. ఒప్పుకుంటేనే పేరు బయటపెట్టండి.

ఆ ఆడిట్లు దెబ్బతిన్నది రికవరీ దగ్గర. మండల ప్రజావేదికలో స్వాహా అయినట్టు తేలిన సొమ్ములో చాలా భాగం తిరిగి రాలేదు. తప్పు పట్టుకునేది ఒకరు, చర్య తీసుకోవాల్సింది ఇంకొకరు. చెప్పినా డబ్బు రాలేదంటే ఆ కూలీ రెండోసారి ఎందుకు నోరు విప్పాలి? అందుకే సర్వే మొదలుపెట్టక ముందే చర్య ఎవరిది, ఎన్ని రోజుల్లో, ఊరికి తిరిగి వెళ్లి చెప్పేది ఎవరు అన్నది పై అధికారితో రాయించుకోండి. జవాబు చెప్పే నాథుడే లేని ప్రశ్నను ఫారంలోంచి తీసేయండి.

విదేశీ నిధుల ప్రాజెక్టుల్లోనూ ఇదే సమస్య. లబ్ధిదారులు ఎవరో స్పష్టంగా ఉన్న అన్ని ప్రాజెక్టుల్లో వాళ్ల అభిప్రాయం తీసుకోవాలని ప్రపంచ బ్యాంకు లక్ష్యం పెట్టుకుంది. దాంతో రిపోర్టులో ఒక కాలమ్ వచ్చింది, దాన్ని సంతృప్తి శాతంతో నింపేయడం తేలిక. ‘ఫిర్యాదులు సున్నా’ అని కనిపిస్తే సంతోషించకండి. ఫిర్యాదు చేయాల్సిన ఫోన్ నంబరు ఊళ్లో ఎవరికైనా తెలుసేమో ముందు కనుక్కోండి.

వచ్చే రివ్యూ మీటింగ్‌కు క్లోజ్ అయినవాటి లెక్కతో పాటు రీఓపెన్ అయిన అర్జీల జాబితా, ఒక్కోదానికీ కారణం మీరే తీసుకెళ్లండి.