ఇస్త్రీపెట్టె తీగను మార్చు విధము

మన మెదకు పట్టణమున బట్టలారుటకు ఎండయే ఆధారము. అమెరికాలో స్థిరపడిన తెలుగువారి యిండ్లలో బట్టల నారబెట్టు విద్యుద్యంత్రము సాధారణముగా నుండును. మన యిండ్లలో ఆ పనిని వానకాలమున కొంతవఱకు ఇస్త్రీపెట్టెయే చేయుచున్నది. తడిచేయి, తడినేల, పాత తీగ, ఈ మూడును కూడినచో ప్రాణాపాయము కలుగును. కావున ఆ తీగ యెట్లు చెడునో, దాని నెట్లు మార్చవలయునో తెలిసికొందము.

సాధారణపు ఇస్త్రీపెట్టెలో అభ్రకపు రేకుపై చుట్టిన నిక్రోము తీగ వేడెక్కును. అభ్రకము వేడిమికి ఓర్చును. విద్యుత్తును మాత్రము పోనీయదు. గూడూరు ప్రాంతము ఈ ఖనిజమునకు ప్రసిద్ధి గాంచినది. 1000 వాట్ల పెట్టె 230 వోల్టులపై పనిచేయునపుడు, 1000ని 230చే భాగింపగా, సుమారు 4.3 ఆంపియర్ల ప్రవాహము తీగలో సాగును. దీపమునకు వాడు సన్నని తీగ దీనికి తగదు.

పెట్టెలోనికి ప్రవేశించు చోట తీగ మాటిమాటికి వంగుటచే లోని రాగిపోగులు ఒక్కొక్కటిగా తెగును. మిగిలిన కొలది పోగులే ప్రవాహమంతయు మోయుచు వేడెక్కి పైతొడుగును మాడ్చును. తెగిన పోగు లోహమునకు తగిలినచో పెట్టెయంతయు విద్యుత్తు గలదగును. అప్పుడు మనలను కాపాడునది ఎర్తు తీగ. అది సరిగా నున్నచో ప్రవాహము దానిగుండ అధికముగా పాఱి ఫ్యూజు కాలిపోవును. అది లేనిచో ముట్టినవాని శరీరమే భూమికి దారి యగును.

తీగ మార్చునపుడు విద్యార్థులు పెద్దలను దగ్గఱ నుంచుకొనవలయును. మొదట ప్లగ్గును ఊడదీయవలెను. స్విచ్చి నార్పుట మాత్రమే చాలదు. పెట్టె చల్లాఱిన పిదప వెనుకమూత విప్పి, ఏ తీగ యే మరకు బిగింపబడినదో కాగితముపై గీచుకొనవలెను. క్రొత్తతీగ మూడు పాయలది, నూలు అల్లికది, పాతదానికి తక్కువగాని మందము గలది కావలెను. పూర్వము ఎఱుపు ఫేజునకు, నలుపు న్యూట్రలునకు, పచ్చ ఎర్తునకు గుర్తులు. ఇప్పటి తీగలలో ఇవి క్రమముగా గోధుమరంగు, నీలము, పసుపుచాఱ గల పచ్చ. కొనలను పోగు తెగకుండ ఒలిచి, మెలిపెట్టి, మర బిగియు దిక్కుననే చుట్టి బిగింపవలెను. ఎర్తు తీగను పెట్టె లోహమునకు బిగించి, కొంచెము పొడవుగా వదలుట మేలు. తీగను లాగినపుడు అది కడపట ఊడును. పట్టీని, రబ్బరు తొడుగును మఱవరాదు. ప్లగ్గులో లావుగా, పొడవుగా నున్న ముల్లు ఎర్తుది.

పిమ్మట ప్లగ్గును గోడకు తగిలింపకయే టార్చి బ్యాటరీతోను చిన్నబల్బుతోను పరీక్షింపవలెను. ఎర్తుముల్లునకును పెట్టె లోహమునకును నడుమ బల్బు వెలుగవలెను. తక్కిన రెండు ముండ్లకును లోహమునకును నడుమ వెలుగరాదు. స్వల్పపు లీకును ఈ పరీక్ష కనిపెట్టజాలదు. దానికి ఎలక్ట్రీషియను మెగ్గరుతో చూడవలయును.

అమెరికాలోని యంత్రములకును ఇదియే సూత్రము. అచ్చటి పాత యిండ్లలో ఆ యంత్రమునకు మూడు తీగలే యుండి, న్యూట్రలును యంత్రపు లోహమును కలిపియుంచెడివారు. న్యూట్రలు తెగినచో లోహమే షాకు కొట్టును. 1996 నాటి విద్యుత్ నియమావళి క్రొత్త ఏర్పాటులకు నాలుగు తీగలను విధించినది. నాలుగు తీగల త్రాడు వేయువారు లోపలి ఆ కలయికను తప్పక విడదీయవలెను.

తుదకు ఒక్కమాట. గోడలోని ఎర్తురంధ్రము భూమితో కలియనిచో ఈ శ్రమ యంతయు వ్యర్థము. వేసవిలో ఎర్తుగుంత ఎండిపోవును. దానికి నీరు పోయుచుండవలెను. తెగిన తీగకు గుడ్డటేపు చుట్టి కాలము గడపుట పొదుపు గాదు. ప్రతిదినము తల్లియో, అక్కయో ఆ పెట్టెను చేతబట్టుచున్నది గదా!